ఫంక్షన్‌లో స్వీట్ టేబుల్: ఏవి పెట్టాలి, ఎన్ని పెట్టాలి

ఇంట్లో ఫంక్షన్ పెట్టుకున్నాక భోజనాల మెనూ ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోతుంది. పప్పు, పులిహోర, గుత్తి వంకాయ, పెరుగు... వీటి మీద పెద్దగా పేచీ ఉండదు. ఎటూ తేలనిది స్వీట్ టేబుల్. పిల్లలు కప్‌కేకులు కావాలంటారు. అత్తగారు పూతరేకులు లేకుండా ఎలా అంటారు. క్యాటరింగ్ ఆయన లైవ్ జిలేబి పెట్టిస్తానంటాడు. ఎవరినీ కాదనలేక అన్నీ తలా కొంచెం పెట్టేస్తాం. రాత్రి తొమ్మిదిన్నరకి ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన బంధువుకి కారిపోయిన క్రీము, ఖాళీ ట్రేలు మిగులుతాయి.

రాజమండ్రిలో మా ఇంట్లోనూ చుట్టాల ఇళ్ళలోనూ ఈ టేబుల్ బాధ్యత చాలాసార్లు నా మీద పడింది. అందుకే నేను ఒకే కొలత పెట్టుకున్నాను: మొదట వచ్చినవాళ్ళు ఎంత బాగా తిన్నారో, ఆఖరున వచ్చినవాళ్ళూ అంత బాగా తినాలి. ఏ స్వీటునైనా ఈ కొలతతో చూస్తే సగం చిక్కు విడిపోతుంది.

## ముందు తేల్చుకోవలసినవి

వేళ. మధ్యాహ్నం ఆకు భోజనం పెడితే ఆకులోనే బూరో, బొబ్బట్టో, పాయసమో పడిపోతుంది. పెరుగన్నం తిని చెయ్యి కడుక్కున్న మనిషి మనసు కిళ్ళీ మీదకి పోతుంది కానీ ఇంకో బరువైన స్వీటు మీదకి పోదు. అప్పుడు చిన్నవి, చల్లనివి రెండు రకాలు చాలు. సాయంత్రం టిఫిన్‌తో జరిగే ఫంక్షన్ అయితే లెక్క వేరు. జనం కబుర్లు చెప్పుకుంటూ టేబుల్ దగ్గరికి రెండు మూడుసార్లు వస్తారు. అక్కడ నాలుగు రకాలు పెట్టినా చెల్లుతాయి.

ఎండ. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పాలు, పనీర్, క్రీముతో చేసినవి బయట పెట్టిన రెండు గంటల్లోపు అయిపోవాలి. వేడి 32 డిగ్రీలు దాటిన చోట గంటే గడువు. సుమారు 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కాబట్టి ఈ లెక్క. కోస్తాలో మే నెలలో చాలా రోజులు చీకటి పడ్డాక కూడా డాబా మీద 32 దాటే ఉంటుంది.

మా ఆడపడుచు సీమంతం మే నెలలోనే, షామియానా కింద చేశాం. రసమలాయి పన్నెండింటికే తెచ్చి టేబుల్ మీద పెట్టారు. రెండున్నరకి మా పెద్దమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "పులిసిందే అమ్మా" అంది. పాత్రకి పాత్ర లోపలికి తీసుకెళ్ళి పారబోశాం. కడుపుతో ఉన్న పిల్ల అది తినలేదని తెలిసేవరకు నా ప్రాణం నా దగ్గర లేదు. ఆ తర్వాత నేను ఏ స్వీటు గురించైనా మొదట అడిగేది ఎంతసేపు బయట ఉంటుందనే. రుచి గురించి ఆ తర్వాతే.

చెయ్యి, చీర. మన ఫంక్షన్లలో పట్టుచీరలు ఉంటాయి, ఒళ్ళో పిల్లలు ఉంటారు, కుర్చీ దొరకని వాళ్ళు నిలబడే తింటారు. పాకం కారేది, చెంచాతో తప్ప తినలేనిది ఒకటికి మించి పెట్టకండి.

తినేవాళ్ళు. గుడ్డు ముట్టనివాళ్ళు, పళ్ళు లేని పెద్దవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, జీడిపప్పు పడని పిల్లలు. పిలిచిన వాళ్ళ జాబితా చూస్తూ ఈ నలుగురినీ ఒకసారి తలుచుకోండి.

వడ్డించే మనిషి. కొన్నిటికి ఎవరూ అక్కర్లేదు. కొన్నిటికి మొదటి నుంచి చివరిదాకా ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషి మీ పిన్నిగారో వదినగారో అయితే ఆవిడకి ఫంక్షన్ చూసే యోగం ఉండదు. కూలికి మనిషిని పెట్టుకోండి.

## ఒక్క చూపులో

| రకం | టేబుల్ మీద ఎంతసేపు | మనిషి కావాలా | ఎక్కువ ఇబ్బంది |
|---|---|---|---|
| పొడి పిండివంటలు (పూతరేకులు, బందరు లడ్డు, సున్నుండలు) | ఫంక్షన్ అంతా | అక్కర్లేదు | తేమ, చీమలు |
| పాల స్వీట్లు (రసమలాయి, కలాకంద్) | 1–2 గంటలు | కావాలి | పులియడం |
| లైవ్ కౌంటర్ (జిలేబి, బొబ్బట్లు) | వేడివేడిగా అప్పటికప్పుడు | ఇద్దరు | క్యూ, మంట |
| హైదరాబాదీ మీఠాలు | వేడిగా ఉంచితే ఫంక్షన్ అంతా | కావాలి | కప్పులు, చెంచాలు |
| కేకు, కప్‌కేకులు | ఏసీలో 2 గంటలు, బయట గంట | కోయడానికి | క్రీము కరగడం |
| ఐస్‌క్రీం, కుల్ఫీ, పళ్ళు | పెట్టెలోంచి తీసినంతసేపు | కావాలి | కరెంటు, ఐసు |

## పొడి పిండివంటలు

నా ఓటు ముందు వీటికే. ఊళ్ళో దొరుకుతాయి, రెండు రోజుల ముందే తెచ్చిపెట్టుకోవచ్చు, ఆఖరి మనిషి తిన్నా మొదటి రుచే ఉంటుంది. ఏవి ఎంచుకోవాలన్న దగ్గర మాత్రం కాస్త ఆలోచించాలి.

పూతరేకులు చూడగానే అందరి చెయ్యీ అటే పోతుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. పలుచగా జారే బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, మంట మీద బోర్లించిన కుండ వీపు మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. అంత పలుచని రేకు గాలిలో తేమని ఇట్టే పీల్చేస్తుంది. వానాకాలంలో మూత తీసిన గంటకే మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటుంది. కాబట్టి మొత్తం ఒకేసారి పరచకుండా, డబ్బాలోంచి పాతికేసి చొప్పున తీయించండి. ఒక్కొక్కటి కాగితంలో చుట్టినవైతే ఇంకా మేలు. తినేటప్పుడు పొడి రాలి చీర మీద పడదు. బెల్లంవి, పంచదారవి రెండూ తెప్పిస్తే ముందు అయిపోయేవి బెల్లంవే అని నా అనుభవం.

బందరు లడ్డునే తొక్కుడు లడ్డు అంటారు. శనగపిండి జంతికల్లా వేయించి, దంచి, జల్లించి, పాకంతో, నేతితో కలిపి మళ్ళీ దంచుతారు. ఆ దంచడం వల్లే నోట్లో వెన్నలా కరుగుతుంది. పళ్ళు లేని తాతగారు కూడా ఇబ్బంది లేకుండా తింటారు. దీనికి 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెద్దవాళ్ళు ఎక్కువగా వచ్చే షష్టిపూర్తికి ఇంతకంటే మంచిది నాకు తోచదు.

కాజా దగ్గర జాగ్రత్త. కాకినాడ గొట్టం కాజా కొరికితే లోపలి పాకం చిమ్ముతుంది. ఇంట్లో కూర్చుని తింటే అదే దాని అందం. పట్టుచీర కట్టుకుని నిలబడి తినేచోట అదే చిక్కు. అలాంటి చోట తాపేశ్వరం మడత కాజా నయం. పొరల్లో పాకం ఉన్నా చిమ్మదు. లేదంటే గొట్టం కాజాలే చిన్న సైజువి, ఒక్క నోటికి పట్టేవి చేయించండి. ముందు చెబితే చేసిచ్చే దుకాణాలు ఉన్నాయి.

సున్నుండలు, అరిసెలు వారాల తరబడి నిలవుంటాయి కాబట్టి ఇంట్లో చేసుకునేవాళ్ళకి అనువైనవి. ఒకటే మాట, అరిసె బరువైన వంట. టేబుల్ మీద పెట్టేవైతే అరచేతిలో సగం ఉండేలా వత్తండి. పెద్దవి పెడితే సగం తిని పక్కన పెట్టేస్తారు, చూస్తే బాధేస్తుంది.

## పాల స్వీట్లు

రసమలాయి, అంగూర్ బాసుంది, కలాకంద్ మెత్తగా, చల్లగా ఉంటాయి. భోజనం తర్వాత గొంతు దిగడానికి హాయిగా ఉంటాయి. ఏసీ హాలు, వెనక ఫ్రిజ్, వడ్డించే మనిషి ఈ మూడూ ఉంటేనే పెట్టండి. మూడింటిలో ఒకటి లేకపోయినా వదిలేయమంటాను. పెడితే పెద్ద పాత్ర టేబుల్ మీద ఉంచకుండా, అరగంటకి సరిపడా చిన్న గిన్నెలోకి తీస్తూ, ఆ గిన్నెని ఐసు పరిచిన పళ్ళెంలో ఉంచాలి.

రసగుల్లా వీటిలో కాస్త భిన్నం. పంచదార పాకంలో ఉంటుంది కాబట్టి పాలల్లో తేలే రసమలాయి అంత తొందరగా పాడవదు. రసం పిండేసి వడ్డిస్తే కారదు కూడా. అయినా అది విరిగిన పాలతో చేసిందే, ఎండలో వదిలేయకూడదు.

కొనేటప్పుడు ఒక సంగతి. విడిగా అమ్మే స్వీట్లకి కూడా ఏ తేదీలోపు తినాలో రాసిపెట్టాలని 2020 అక్టోబర్ 1 నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నిబంధన ఉంది. ఆ తేదీ అడగండి. అడిగితే విసుక్కునే చోట పాల స్వీట్లు కొనకండి.

## లైవ్ కౌంటర్

జిలేబి మూకుట్లోంచి పాకంలోకి, పాకంలోంచి ప్లేట్లోకి వస్తుంటే ఆ సందడే వేరు. పిల్లలు అక్కడి నుంచి కదలరు. రుచికి కూడా తిరుగులేదు, ఎందుకంటే జిలేబి కరకర అరగంట దాటితే ఉండదు.

అయితే లెక్క చూసుకోండి. ఒక వాయికి పదిహేను, వాయికి ఐదు నిమిషాలు అనుకుంటే గంటకి 180 జిలేబీలు. మనిషికి రెండు చొప్పున 90 మందికే సరిపోతాయి. మూడొందల మంది భోజనాలు ముగించి ఒకేసారి వస్తే ఒక్క మూకుడు చాలదు. గంటన్నర కంటే ముందే క్యూలో ఉన్నవాళ్ళు విసిగి వెళ్ళిపోతారు. పెద్ద ఫంక్షన్‌కి రెండు పొయ్యిలు అడగండి. షామియానా గుడ్డకి, పిల్లలు ఆడుకునే చోటుకి దూరంగా పెట్టించండి. మరుగుతున్న నూనె చుట్టూ కనీసం ఒక బల్ల అడ్డం ఉండాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

నన్నడిగితే జిలేబి కంటే బొబ్బట్లు మంచివి. మరిగే నూనె ఉండదు, పెనం ఒక్కటే. పూర్ణం ముందే చేసి తెస్తారు. అరచేతిలో సగం ఉండే చిన్న బొబ్బట్లు పెనం మీద నెయ్యి వేసి కాలుస్తుంటే ఆ వాసనకి హాలు చివర ఉన్నవాళ్ళు కూడా లేచి వస్తారు. వేడి తగ్గినా బొబ్బట్టు బాగానే ఉంటుంది. అందుకే ముందుగా యాభై కాల్చి పెట్టుకుంటే క్యూ కూడా ఉండదు. ఉగాది రోజుల్లో, గృహప్రవేశాల్లో ఇది ఇంకా ఇంపుగా ఉంటుంది.

## హైదరాబాదీ మీఠాలు

ఖుబానీ కా మీఠా, డబుల్ కా మీఠా తెలంగాణలో పెళ్ళిళ్ళకి బాగా అలవాటైనవి. కోస్తాలో ఇంకా కొత్తగానే ఉంటాయి, అదే వాటికి బలం. ఖుబానీకి ఎండు ఆప్రికాట్లని రాత్రంతా నానబెట్టి, గింజ తీసి, పంచదారతో దగ్గరపడేదాకా ఉడికిస్తారు. ముందురోజే చేసిపెట్టుకోవచ్చు. దానిలో గుడ్డు లేదు, మైదా లేదు, పైన మీగడ వేయకపోతే పాలు కూడా లేవు. ఎవరికి ఏది పడదో తెలియని జనం వచ్చినప్పుడు ఇంత నిశ్చింతగా పెట్టగలిగేవి తక్కువ. తియ్యదనం గట్టిగా ఉంటుంది కాబట్టి చిన్న కప్పులో మూడు నాలుగు చెంచాలు చాలు.

డబుల్ కా మీఠా బ్రెడ్డుని నేతిలో వేయించి పాలు, పాకం పోసి చేసేది. వేడి పెట్టెలో ఉంచితేనే బాగుంటుంది, చల్లారితే నెయ్యి గడ్డకట్టి నోటికి అంటుతుంది. రెండిట్లో ఒకటే అంటే నేను ఖుబానీ వైపు.

## కేకు, కప్‌కేకులు

పుట్టినరోజుకి కేకు ఉండాల్సిందే, అందులో చర్చ లేదు. కేకు కోస్తే చాలా, కేకుల టేబులే పెట్టాలా అన్నదే ప్రశ్న. ఏసీ హాల్లో సాయంత్రం రెండు గంటల్లో ముగిసే పిల్లల పుట్టినరోజుకి కప్‌కేకులు చక్కగా సరిపోతాయి. ప్లేటు అక్కర్లేదు, పిల్లలు తమ చేత్తోనే తీసుకుంటారు. డాబా మీద అయితే పైన క్రీము లేని చిన్న ప్లమ్ కేకు ముక్కలో, బ్రౌనీలో తెప్పించండి. అవి ఎండకి తట్టుకుంటాయి.

గుడ్డు సంగతి ముందే తేల్చండి. ఒక ట్రే గుడ్డుతో, ఒక ట్రే గుడ్డు లేకుండా పెడితే పట్టకార్లు తారుమారవుతాయి. మన చుట్టాల్లో గుడ్డు ముట్టనివాళ్ళు ఉన్నారంటే మొత్తం గుడ్డు లేనివే చెప్పడం మర్యాద.

## ఐస్‌క్రీం, కుల్ఫీ, పళ్ళు

భోజనం తర్వాత వేసవిలో పుల్ల కుల్ఫీని మించినది లేదు. కప్పు, చెంచా అక్కర్లేదు, పెట్టెలోంచి తీసి ఇచ్చేయడమే. స్కూప్ ఐస్‌క్రీంకి మాత్రం చేయి తిరిగిన మనిషి కావాలి. జనరేటర్ ఉందో లేదో హాలువాళ్ళని అడగండి.

ఏప్రిల్, మే నెలల్లో ఫంక్షన్ అయితే తాటి ముంజలు గుర్తుపెట్టుకోండి. పొట్టు తీసి ఐసు మీద పెడితే సిటీ నుంచి వచ్చిన పిల్లలు చుట్టూ మూగుతారు. బంగినపల్లి ముక్కలు కూడా అంతే. కోసిన పండు మాత్రం గంటకొకసారి కొత్తది పెట్టాలి.

## షుగర్ ఉన్నవాళ్ళ మాట

బెల్లంతో చేశాం, ఖర్జూరంతో చేశాం, తినండి అని పెద్దవాళ్ళని బలవంతపెట్టడం చాలా ఇళ్ళలో చూశాను. బెల్లమైనా ఖర్జూరమైనా రక్తంలో చక్కెర పెరుగుతుంది. మామిడి ముక్కలూ అంతే. వాళ్ళ కోసం టేబుల్ చివర వేయించిన జీడిపప్పు, బాదం, ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలు, మసాలా మజ్జిగ పెట్టండి. అడగకుండానే తమ కోసం ఒక మూల ఏర్పాటు చేశారని చూసినప్పుడు మా మేనమామ ముఖంలో కనిపించిన సంతోషం నాకు ఇంకా గుర్తు.

## మీ ఫంక్షన్‌కి ఏది

ఇంట్లో 40 మంది, మధ్యాహ్నం భోజనం: ఆకులో బూరె ఎలాగూ ఉంటుంది. టేబుల్ మీద పూతరేకులు, కుల్ఫీ. అంతే చాలు.

హాల్లో 300 మంది, సాయంత్రం: పొడి స్వీటు ఒకటి, బొబ్బట్ల కౌంటర్, ఖుబానీ, ఏసీ ఉంటే రసగుల్లా. పొడి స్వీటుని హాలుకి రెండు వైపులా పెట్టండి, ఒకే చోట గుంపు చేరదు.

పిల్లల పుట్టినరోజు: కేకు, కప్‌కేకులు, పళ్ళ ముక్కలు, పెద్దవాళ్ళ కోసం బందరు లడ్డు. జీడిపప్పు ఉన్న వాటి ముందు ఆ మాట రాసిన చీటీ పెట్టండి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే: రసమలాయి, గులాబ్ జామ్ ట్రేలు ఏ ఇండియన్ రెస్టారెంట్‌లోనైనా దొరుకుతాయి. పార్కులో వేసవి పార్టీ అయితే ఇందాక చెప్పిన గంట లెక్క అక్కడా వర్తిస్తుంది. పిల్లల స్నేహితుల్లో పల్లీలు, జీడిపప్పు పడనివాళ్ళు ఉండొచ్చు కాబట్టి చీటీలు తప్పనిసరి. అమ్మానాన్నలు ఊరి నుంచి తెచ్చిన సున్నుండలు పది ఉన్నా సరే, సగానికి కోసి పెట్టండి. వాటికే ముందు చేతులు వెళ్తాయి.

## ఎన్ని తేవాలి

కిలోల్లో ఆలోచిస్తే తప్పులు జరుగుతాయి. ముక్కల్లో లెక్కేయండి. భోజనం తర్వాత టేబుల్‌కి మనిషికి రెండు ముక్కలు, టిఫిన్‌తో సాయంత్రమైతే మూడు. ముక్క 40 గ్రాములుంటే కిలోకి పాతిక వస్తాయి. వందమందికి రెండేసి చొప్పున రెండొందల ముక్కలు, అంటే ఎనిమిది కిలోలు. అదే లడ్డు 80 గ్రాములుంటే కిలోకి పన్నెండే వస్తాయి, ఖర్చు రెట్టింపవుతుంది, సగం మంది సగమే తింటారు. దుకాణంలో ఒక ముక్క తూచి చూపించమని అడగండి. డబ్బా బరువు కలపకుండా తూచమనండి.

తెచ్చినదాన్ని మూడు వంతులు చేసి, రెండు వంతులే టేబుల్ మీదకి పంపండి. మూడో వంతు లోపల, నమ్మకమైన ఒకరి చేతిలో ఉండాలి. రాత్రి ఎనిమిదిన్నర దాటాక దాన్ని బయటికి తీయించండి. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి, వంటవాళ్ళకి, వాచ్‌మన్‌కి, డ్రైవర్లకి నిండు ట్రే కనిపిస్తుంది. ఇంకా మిగిలితే పొడి స్వీట్లు అదే రాత్రి పొట్లాలు కట్టి వెళ్ళేవాళ్ళ చేతిలో పెట్టండి. టేబుల్ మీద ఉన్న పాల స్వీట్లు మాత్రం ఎవరికీ కట్టివ్వకండి.